పొడి రాయి, ప్రాణమున్న రాయి

పటాన్‌చెరు దగ్గర పాశమైలారంలోనో బొల్లారంలోనో కొత్త మందుల ఫ్యాక్టరీ కడితే, దాని వెనక మురుగునీటి శుద్ధి ప్లాంటూ కట్టాలి. అక్కడ పనిచేసేవాళ్లు దాన్ని ఈటీపీ అంటారు. సివిల్ పని అయిపోతుంది, ఎరేషన్ ట్యాంకు నింపుతారు, బ్లోయర్లు తిరుగుతాయి, అడుగు నుంచి బుడగలు లేస్తాయి. అయినా ప్లాంటు పనిచేయదు. మురికిని తినాల్సిన బ్యాక్టీరియా అందులో ఇంకా లేదు కదా! దాన్ని తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయి. ఇప్పటికే నడుస్తున్న మరో ప్లాంటు నుంచి ట్యాంకరు నిండా స్లడ్జ్ తెచ్చి పోయడం మొదటిది. ఆవుపేడ కలిపి, కొంచెం బెల్లం, యూరియా, డీఏపీ వేసుకుంటూ వారాల తరబడి కాచుకు కూర్చోవడం రెండోది. మొదటి దారిలో పని త్వరగా అందుకుంటుంది. కానీ ఆ పాత ప్లాంటుకు ఏ జబ్బు ఉంటే అది కూడా వస్తుంది. తీగల్లా సాగి స్లడ్జ్‌ను అడుగుకు దిగనివ్వని బ్యాక్టీరియా అలాగే ఒక ప్లాంటు నుంచి ఇంకో ప్లాంటుకు పోతుంటుంది. రెండో దారి నిదానం, కానీ ఏం వేశామో మనకు తెలుసు.

ఇలా ప్లాంటు మొదలుపెట్టిన కెమిస్టు ఒకాయన, బీరంగూడలోని తన ఫ్లాటులో 300 లీటర్ల గాజు తొట్టి పెట్టి సముద్రపు చేపలు పెంచాలని ముచ్చటపడ్డాడనుకుందాం. షాపులో మొదట ఎదురయ్యే ప్రశ్న ఇది: లైవ్ రాక్, అంటే జీవులున్న రాయి కావాలా, డ్రై రాక్, అంటే పొడి రాయి కావాలా? చాలామంది దీన్ని అలంకరణకు సంబంధించిన ప్రశ్న అనుకుంటారు. మన కెమిస్టు మాత్రం దీనికి జవాబు రోజూ ఫ్యాక్టరీలో చూస్తూనే ఉన్నాడు.

చేప తిన్న తిండిలోని మాంసకృత్తుల నత్రజని చాలావరకు దాని మొప్పల గుండా అమోనియాగా బయటికొస్తుంది. నీళ్లలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం ఉన్న అమోనియం, అంత ప్రమాదం లేనిది. రెండోది ఆవేశం లేని అమోనియా, మొప్పల పొరల్లోంచి సులువుగా లోపలికి దూరి చేపను చంపేది. ఏది ఎంత పాలు ఉంటుందో పీహెచ్ తేలుస్తుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటి తొట్టిలో విషపు రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర, 27, 28 డిగ్రీల వెచ్చదనంలో అది నూటికి ఎనిమిది దాకా పోతుంది. గోల్డ్‌ఫిష్ తొట్టిలో కొత్తవాళ్లు చేసే పొరపాట్లను చేపలు ఎలాగో తట్టుకుంటాయి. అవే పొరపాట్లు ఉప్పునీటి తొట్టిలో చేస్తే చేపలు తట్టుకోలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఈ అమోనియాను కొన్ని సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారుస్తాయి. మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ పని చేసేది జీవులేనని, అవి తమ బతుకుకు కావలసిన శక్తిని ఇందులోంచే తీసుకుంటాయని 1890 ప్రాంతంలో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ నిరూపించాడు. ఆ తర్వాత వందేళ్లపాటు పాఠ్యపుస్తకాలన్నీ నైట్రోసొమోనాస్, నైట్రోబాక్టర్ అనే రెండు పేర్లే చెప్పాయి. అక్వేరియం మందుల సీసాల మీద కూడా అవే పేర్లు. తీరా 1998లో టిమ్ హోవనెక్, ఆయన సహచరులు మంచినీటి అక్వేరియంలను డీఎన్ఏ పద్ధతితో పరీక్షిస్తే, నైట్రైట్ పని చేస్తున్నది నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పైరా అని తేలింది. సీసాల్లో అమ్ముతున్నది ఒక జీవి, తొట్టిలో పనిచేస్తున్నది ఇంకో జీవి.

అంతకంటే పెద్ద విశేషం 2005లో బయటపడింది. అమెరికాలో సియాటిల్ అక్వేరియంలోని ఒక ఉష్ణమండల సముద్రపు తొట్టి నుంచి శాస్త్రవేత్తలు ఒక సూక్ష్మజీవిని వేరుచేశారు. అది అమోనియాను తింటుంది, కానీ బ్యాక్టీరియా కాదు. ఆర్కియా అనే పూర్తిగా వేరే జాతి జీవి. దానికి నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. ఎక్కువగా వేడి ఊటల్లోనూ ఉప్పు మడుగుల్లోనూ ఉంటుందని ఒకప్పుడు అనుకున్న ఆర్కియా, మామూలు సముద్రంలో నత్రజని చక్రాన్ని తిప్పుతున్నదని అప్పుడే రుజువైంది. నీళ్లలో ఉందో లేదో అన్నంత తక్కువ అమోనియాను కూడా పట్టుకోగలదు గనుక, మన టెస్ట్ కిట్‌లో సున్నా కనిపించే ముదురు తొట్టెల్లో కూడా దానికి పని ఉంటుంది. సముద్ర శాస్త్రాన్నే మలుపు తిప్పిన ఈ జీవి నడిసముద్రంలో కాదు, ఒక అక్వేరియంలో చిక్కడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

తొట్టిలోని ఈ జీవుల్లో చాలావాటికి ఒక స్వభావం ఉంది: నీళ్లలో తేలుతూ తిరగడం వీటికి ఇష్టం ఉండదు, ఏదో ఒక గట్టి ఉపరితలాన్ని పట్టుకుని పొరలా పెరుగుతాయి. ఎంబీబీఆర్ రకం మురుగు శుద్ధి ప్లాంట్లలో చిన్న చిన్న ప్లాస్టిక్ చక్రాలను వేలల్లో గుమ్మరించేది ఇందుకే. సముద్రపు తొట్టిలో ఆ చక్రాల పని రాయి చేస్తుంది. పగడపు దిబ్బ నుంచి విరిగిన రాయి చూడటానికి పిడికిలంత ఉన్నా, లోపలంతా సన్నని గదులూ దారులే. పైపొరలో ఆక్సిజన్ ఉంటుంది, అక్కడ అమోనియా నైట్రేట్‌గా మారుతుంది. లోపలికి పోయేకొద్దీ ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడుండే మరో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని, మిగిలిన నత్రజనిని వాయువుగా వదిలేస్తుంది. ఈటీపీలో ఎరేషన్ ట్యాంకు ఒకటి, ఆక్సిజన్ లేని అనాక్సిక్ ట్యాంకు ఒకటి విడివిడిగా కట్టి చేసే పని, ఇక్కడ ఒకే రాయిలో బయటా లోపలా జరిగిపోతుంది. అయితే ఆ రెండో పని గురించి షాపుల్లో చెప్పేది కొంచెం ఎక్కువే. రాయి లోపలికి నీళ్లు చాలా నెమ్మదిగా పోతాయి గనుక, చేపలకు దండిగా మేత వేసే తొట్టిలో నైట్రేట్ మొత్తాన్ని రాయి ఒక్కటే మింగేయదు. అనాక్సిక్ ట్యాంకులో మిథనాల్ పోసినట్టే సముద్రపు తొట్టెల్లో వినిగరో, చుక్కలు లెక్కపెట్టి వోడ్కానో పోసేవాళ్లున్నారు. బ్యాక్టీరియాకు కార్బన్ కావాలి, అది సీసా మీద లేబుల్ చూడదు.

రాయినే ఫిల్టరుగా వాడుకోవచ్చన్న ఆలోచనకు ఆద్యుడిగా ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్‌ను చెప్పుకుంటారు. సముద్రం నుంచి జీవంతో ఉన్న రాళ్లను తెచ్చి, గాలి బుడగలు తప్ప వేరే యంత్రం లేకుండా ఆయన తొట్టెలు నడిపాడు. 1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో ఆ పద్ధతిని వివరించాడు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. తర్వాత బెర్లిన్ అభిరుచిపరులు అదే సూత్రానికి బలమైన దీపాలూ, వ్యర్థాలను నురగతో తీసేసే ప్రోటీన్ స్కిమ్మరూ జోడించి స్థిరపరిచారు. దాన్నే ఇప్పటికీ బెర్లిన్ పద్ధతి అంటున్నారు. జకార్తా పద్ధతి అనకపోవడం చరిత్ర రాసేవాళ్ల సంగతి. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాల పాటు ఫిజీ, టోంగా, ఇండోనేషియాల నుంచి టన్నులకొద్దీ రాళ్లు అమెరికాకూ ఐరోపాకూ పోయాయి. లీటరు నీటికి 120 నుంచి 180 గ్రాముల రాయి అన్న లెక్క అప్పుడే పుట్టింది. మన 300 లీటర్ల తొట్టికి ఆ లెక్కన 36 నుంచి 54 కిలోలు కావాలి. గుల్లగా, తేలిగ్గా ఉండే రాయి దొరికితే ఇందులో సగం చాలు. తూకం కాదు, ఉపరితలం ముఖ్యం.

ఇంతకీ లైవ్ రాక్ ఎంత ప్రాణంతో వస్తుంది? అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సైటీస్ తన నిర్వచనంలోనే దీన్ని తడిగా మాత్రమే, నీళ్లలో మునగకుండా, పెట్టెల్లో రవాణా చేసే రాయి అంటుంది. అంటే తడి కాగితాల మధ్య ఒకటి రెండు రోజులు ప్రయాణం చేసి శంషాబాద్ విమానాశ్రయంలో దిగుతుంది. ఆపైన వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో పటాన్‌చెరుకు వ్యాన్‌లో రావాలి. ఈలోగా స్పంజికలు, చిన్న పురుగులు, నాచు చాలావరకు చచ్చిపోతాయి. తొట్టిలో వేశాక అవి కుళ్లి మళ్లీ అమోనియానే పుట్టిస్తాయి. అందుకే లైవ్ రాక్‌ను తెచ్చాక కూడా విడిగా ఉప్పునీళ్ల డ్రమ్ములో పెట్టి, నీళ్లు తిప్పుతూ, మారుస్తూ, వాసన పోయేదాకా రెండు నుంచి ఆరు వారాలు పక్వం చేయాలి. కొన్నప్పుడు వాసన చూడండి. సముద్రపు ఒడ్డు వాసన వస్తే మంచిది, చెడిపోయిన కోడిగుడ్డు వాసన వస్తే లోపల కుళ్లుతున్నది ఇంకా అయిపోలేదని అర్థం.

ప్రాణంతో మిగిలినవాటిలో అందరూ చుట్టాలు కారు. ఐప్టేసియా అనే చిన్న సముద్ర పుష్పం రాతి సందుల్లోంచి మొలుస్తుంది. దాన్ని నలిపితే ప్రతి ముక్కా మరో ఐప్టేసియా కాగలదు. మాంటిస్ రొయ్య రాత్రిపూట బయటికొచ్చి చిన్న చేపలనూ నత్తలనూ పొడిచి తింటుంది. ఒకసారి లోపల స్థిరపడితే రాయినంతా బయటికి తీయకుండా దాన్ని పట్టడం కష్టం. గాజు గోళీల్లా పెరిగే వలోనియా నాచు, సాలెగూడులా జిగురు వలలు విసిరే వెర్మెటిడ్ నత్త కూడా ఇలాగే వస్తాయి. మరోవైపు, చెడ్డవాటిని తిని అదుపులో ఉంచే పీతలు, పురుగులు, కోపీపాడ్‌లనే బుల్లి జీవులు, గులాబీరంగు పూతలా పరుచుకునే కోరలైన్ నాచు కూడా దీంట్లోనే వస్తాయి. మనకు నచ్చినవాటిని మాత్రమే ఏరి ఇచ్చే అమ్మకందారు ఎవరూ ఉండరు.

డ్రై రాక్ సంగతి తిరగేసి చెప్పుకోవాలి. అందులో తెగుళ్లూ ఉండవు, ఉపకారులూ ఉండరు. ఖాళీగా ఉన్న ఊళ్లో ఎవరు ముందొస్తే వాళ్లదే స్థలం కనుక మొదటి కొన్ని నెలలు తొట్టి చూడబుద్ధి కాదు. ముందు గోధుమరంగు పొడిలా డయాటములు పడతాయి. వాటికి కావలసిన సిలికా సరిగ్గా శుద్ధి కాని నీళ్లలోంచి వస్తుంది. తర్వాత ఎర్రటి జిగురు దుప్పట్లలా సయనోబాక్టీరియా పరుచుకుంటుంది. ఆపైన, యజమాని అతిశుభ్రతతో నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ సున్నాకు దించేస్తే, బుడగలు చిక్కుకున్న చీమిడిలా డైనోఫ్లాజెల్లేట్‌లు దిగుతాయి. వాటిలో కొన్ని విషాలు చిమ్మి నత్తలను చంపుతాయి. ఈ దశలో చాలామంది తొట్టి చెడిపోయిందనుకుని మొదలంటా కడిగి మళ్లీ ప్రారంభిస్తారు. అలా కడిగితే ఖాళీ స్థలం మళ్లీ ఖాళీ అవుతుంది, అదే వరస మొదటి నుంచీ నడుస్తుంది. కాలం ఇవ్వడం తప్ప దీనికి మంచి వైద్యం లేదు. పాత దిబ్బల నుంచి తవ్విన పొడి రాయిలో ఒకప్పటి జీవుల ఫాస్ఫేట్ బంధమై ఉండి నెలల తరబడి నీళ్లలోకి ఊరుతూ నాచును మేపుతుంది. అందుకే రాయిని ముందే ఉప్పునీళ్ల డ్రమ్ములో వేసి, మూతపెట్టి చీకట్లో ఉంచి, ఫాస్ఫేట్ పరీక్షించుకోవాలి. కొందరు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి పైపొరను కరిగించేస్తారు. ఆమ్లాల వాడకం తెలిసిన మన కెమిస్టు దాన్ని ఫ్లాటు బాల్కనీలో చేయడు.

రాయి ఏదైతేనేం, మన చుట్టూ ఉన్నదే వాడొచ్చు కదా అన్నది చాలా సహజమైన ప్రశ్న. సంగారెడ్డి జిల్లా నిండా బండలే. చాలావరకు గ్రానైట్, గట్టి రాయి. చేపకు హాని చేయదు, కానీ రంధ్రాలు లేవు కనుక బ్యాక్టీరియాకు పైపొర తప్ప చోటు లేదు. పడమటగా జహీరాబాద్ వైపు పోతే ఎర్రటి లాటరైట్ దొరుకుతుంది. దానికి రంధ్రాలు బాగానే ఉంటాయి గానీ ఒళ్లంతా ఇనుమే, ఉప్పునీళ్లకు నప్పదు. ఇళ్లల్లో పరిచే తాండూరు బండ అసలైన సున్నపురాయి. దాని మీద నిమ్మరసం పిండితే సన్నగా నురగ వస్తుంది, గ్రానైట్ మీద రాదు. అంటే పగడపు రాయిలోని క్యాల్షియం కార్బొనేటే ఇందులోనూ ఉంది. కానీ పగడం కట్టేది అరగొనైట్ అనే స్ఫటిక రూపం, గుల్లగా ఉంటుంది. తాండూరు బండ కోట్ల ఏళ్ల ఒత్తిడికి అణిగి పలకలైపోయిన కాల్సైట్. పాలిష్ పట్టి నడవడానికి పనికొచ్చే ఆ నునుపుదనమే తొట్టిలో దాని లోపం. ఒకటి రెండు పలకలను అడుగున ఆధారంగా వాడుకోవచ్చు, ఫిల్టరుగా కాదు.

విశాఖ ఒడ్డు నుంచి బార్నకిల్స్ అంటిన రాయి ఒకటి కారు డిక్కీలో వేసుకొస్తే? అక్కడి కొండలూ బండలూ ఖోండలైట్, గ్రానైట్ లాగే లోపల గది లేని రాయి. ఆంధ్రప్రదేశ్‌కు తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా తీరం ఉన్నా, చెప్పుకోదగ్గ పగడపు దిబ్బల వ్యవస్థ లేదు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే బురదా మంచినీరూ పగడానికి పడవు. దేశంలో పెద్ద దిబ్బలు కచ్ సింధుశాఖలో, మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. అక్కడి నుంచి రాయి తేవడం మాత్రం నేరం. 2001 జూలైలో కేంద్రం గట్టి పగడాల జాతులన్నిటినీ, నల్ల పగడాలనూ, సముద్రపు విసనకర్రలనూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. పులికీ ఏనుగుకూ ఉన్న రక్షణే వాటికీ వచ్చింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. బతికున్న పగడమే కాదు, చచ్చిన పగడపు ముక్కకూ ఇది వర్తిస్తుంది. ఇంట్లో దిష్టికి కట్టుకోమని ‘ఇంద్రజాల్’ పేరుతో అమ్మే ఎండిన సముద్రపు కొమ్మ కూడా ఇదే షెడ్యూల్ కిందికి వస్తుందని కొనేవాళ్లలో చాలామందికి తెలియదు.

ఈ చట్టం ఊరికే రాలేదు. మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం, నిర్మాణాల కోసం దశాబ్దాల పాటు పగడాన్ని పెకలించారు. 1986లో 21 దీవులతో అక్కడ సముద్ర జాతీయ పార్కు ప్రకటించారు. వాటిలో పూవరసన్‌పట్టి, విలంగుచల్లి అనే రెండు దీవులు ఇప్పుడు నీటి కింద ఉన్నాయి. అలల తాకిడిని విరిచే దిబ్బ పోతే ఇసుక దీవి ఎంతకాలం నిలుస్తుంది?

కాబట్టి మన కెమిస్టు ముందున్న ఎంపిక నిజానికి అంత పెద్దదేం కాదు. ఎవరైనా ‘ఇండియన్ లైవ్ రాక్’ అని చవగ్గా ఇస్తామంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క ప్రశ్న అడిగితే చాలు. దిగుమతి అయినదంటే సైటీస్ కాగితాలు అడగాలి, ఎందుకంటే గట్టి పగడాలు ఆ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. ‘డ్రై రాక్’ అన్న పేరు పెట్టినంత మాత్రాన మన సముద్రంలోని చచ్చిన పగడం చట్టబద్ధం కాదు. మిగిలేది భూమి మీది గనుల్లోంచి తవ్వి బిల్లుతో వచ్చే దిగుమతి పొడి రాయి, పింగాణీతో చేసిన రాయి, లేదా మనమే పోసుకునే సిమెంటు రాయి.

నా ఓటు ఈ చివరిదానికి. తెల్ల సిమెంటు, పగడం కాని సున్నపురాయి గుళికలు, దొడ్డు ఉప్పు. ఉప్పు గడ్డలను పొడి చేయకుండా అలాగే కలపాలి. తడి ఇసుకలో చేత్తో గుంటలు చేసి ఆ ముద్దను పోసి, గట్టిపడ్డాక నీళ్లలో నానబెడితే ఉప్పు కరిగిపోయి ఆ చోటల్లా రంధ్రాలవుతాయి. ఒకే చిక్కు, సిమెంటులోని సున్నం. మొదట్లో నీళ్ల పీహెచ్ 12 దాకా పోతుంది. వారానికోసారి నీళ్లు మారుస్తూ పీహెచ్ 8.5 కంటే దిగి, అక్కడే నిలిచేదాకా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. పగడపు రాయంత గుల్లగా ఇది రాదు. కానీ ఏ దిబ్బా తరగదు, ఆకారం మన ఇష్టం, ఖర్చు తక్కువ.

ఇక నీళ్లు. ఈ ప్రాంతంలో బోరు నీళ్లను సముద్రపు తొట్టికి వాడటం ఊహకు కూడా రానివ్వకూడదు. ఎందుకో ఫ్యాక్టరీల మురుగు పారిన నక్కవాగు పక్కన ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. ఆ వాగు నీళ్లు మంజీరలో కలుస్తాయి. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగు అక్కడికి చేరేది. శుద్ధి అయి బయటికొచ్చిన నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. బ్యాక్టీరియాతో నడవాల్సిన ప్లాంటుకు బ్యాక్టీరియాను చంపే మందే మేతగా వచ్చిందన్నమాట. ప్లాంటు ఆగిపోలేదు, ఆ మందుకు లొంగనివి మిగిలాయి. 2013లో వచ్చిన మరో పరిశోధనలో అదే కేంద్రంలోని బ్యాక్టీరియా రకాల్లో ఎక్కువభాగం 20 లేదా అంతకు మించిన యాంటీబయాటిక్‌లను తట్టుకున్నాయి.

అక్వేరియం పెట్టుకునేవాళ్లకు ఇది పరాయి కథ కాదు. చేపకు తెల్ల మచ్చలొస్తేనో, రెక్క చిరిగితేనో షాపువాళ్లు ఇచ్చిన యాంటీబయాటిక్ పొడిని నేరుగా తొట్టిలో కలిపేసేవాళ్లు మన దగ్గర చాలామంది. సముద్రపు చేపల తెల్ల మచ్చ బ్యాక్టీరియా వల్ల రాదు, క్రిప్టోకేరియాన్ అనే ఏకకణ పరాన్నజీవి వల్ల వస్తుంది, దాన్ని యాంటీబయాటిక్ ఏమీ చేయదు. రాతి మీద నెలల తరబడి కూడిన బ్యాక్టీరియా పొర మాత్రం దెబ్బతింటుంది, రెండు మూడు రోజుల్లో అమోనియా లేస్తుంది. రాగి మందు ఇంకా మొండిది. సున్నపు రాయి రాగిని పట్టేసుకుని తర్వాత నెమ్మదిగా వదులుతుంది, అలాంటి తొట్టిలో రొయ్య గానీ పగడం గానీ బతకడం కష్టం. మందేదైనా రాయి లేని వేరే తొట్టిలోనే వేయాలి.

నీళ్లకు ఆర్వో, దాని తర్వాత డీఅయొనైజేషన్ రెజిన్, చివర్లో నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా. ఇంట్లో తాగే ఆర్వో యంత్రం సరిపోదు. రుచి కోసం వాటిలో టీడీఎస్ కంట్రోలర్ పేరుతో శుద్ధి కాని నీటిని కొంచెం కలిపే ఏర్పాటు ఉంటుంది. ఆ సున్నా నీళ్లకు సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపి లీటరుకు 35 గ్రాముల లవణీయతకు తేవాలి. ఈటీపీ భాషలో చెప్పాలంటే 35,000 టీడీఎస్. ఫ్యాక్టరీలో ఇంత ఉప్పున్న నీటిని బయలాజికల్ విభాగానికి పంపరు, బ్యాక్టీరియా ఎండిపోతుందని ఎవాపరేటరుకు తోలుతారు. మన మంచినీటి తొట్టిలోని పాత స్పాంజిని తెచ్చి ఇందులో వేస్తే త్వరగా పని మొదలవదని దీన్నిబట్టే తెలుస్తుంది. ఉప్పుకు అలవాటుపడిన జీవుల్నే తెచ్చుకోవాలి.

అందుకే పొడి రాయి ఎంచుకున్నా, విత్తనం వేరేచోటి నుంచి రావాలి. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి బాగా నడుస్తున్న సముద్రపు తొట్టి ఉన్నవాళ్లు పరిచయమైతే, వాళ్ల తొట్టి కింది ఫిల్టరు సంపులోని నాలుగు సెరామిక్ ఉంగరాలో గుప్పెడు ఇసుకో చాలు. వాళ్ల తొట్టిలో ఐప్టేసియా ఉందేమో ముందు చూడాలి. సీసా బ్యాక్టీరియా కొంటే తయారైన తేదీ, ఎలా నిలవ చేశారో అడగాలి. మే నెలలో కొరియర్ గోడౌనులో పడి ఉన్న సీసా మీద నేను నమ్మకం పెట్టుకోను. నైట్రిఫై చేసే జీవులు పరిస్థితులు బాగున్నా రెట్టింపు కావడానికి సుమారు ఒక రోజు తీసుకుంటాయి. పేగుల్లోని ఈ.కోలి 20 నిమిషాల్లో చేసే పని అది. వీటి నిదానానికి మన తొందర పనికిరాదు.

గాలి విషయంలో ఒక లెక్క. గ్రాము అమోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి, 7.14 గ్రాముల క్షారత ఖర్చవుతుంది. ఈ రెండు అంకెలూ ఈటీపీ కెమిస్టుకు కంఠతా వచ్చు. మంచినీటి కంటే ఉప్పునీళ్లు తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి. పటాన్‌చెరు సముద్రమట్టానికి 540 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది కనుక ఇంకొంచెం తగ్గుతుంది. 26 డిగ్రీల దగ్గర లీటరుకు ఆరు మిల్లీగ్రాముల పైన కొద్దిగా మాత్రమే. కరెంటు పోయి పంపు ఆగితే చేపలతో పాటు రాతిలోని కోట్లాది నోళ్లు కూడా ఆ ఆరు మిల్లీగ్రాములనే పంచుకుంటాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు రాయితో పాటే కొనాల్సిన వస్తువు.

ఒక హెచ్చరిక ఇక్కడే. పాత తొట్టి లైవ్ రాక్ చేతికొస్తే, తెగుళ్లు పోతాయని దాన్ని కుక్కర్లోనో గిన్నెలోనో ఉడకబెట్టవద్దు. రాతి మీద ఉండే కొన్ని జోయాంథిడ్ జీవుల్లో పాలిటాక్సిన్ ఉంటుంది. తెలిసిన సహజ విషాల్లో అతి తీవ్రమైన వాటిలో అదొకటి. ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. 2018లో ఇంగ్లండులోని స్టీవెంటన్ గ్రామంలో ఒక ఇంట్లో అక్వేరియం శుభ్రం చేస్తుండగా ఆ కుటుంబమే కాక, సాయానికి వెళ్లిన అత్యవసర సిబ్బంది కూడా ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. రాయిని చంపాలనుకుంటే మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఆరుబయట వారాలు వదిలేయడమే మేలు.

రాళ్లు పేర్చాక విత్తనం వేసి, లీటరుకు రెండు మిల్లీగ్రాములు అయ్యేలా అమ్మోనియం క్లోరైడ్ కలిపి, రోజూ పరీక్షించాలి. మొదట అమోనియా తగ్గి నైట్రైట్ పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ కూడా తగ్గి నైట్రేట్ మిగులుతుంది. కలిపిన అమోనియా 24 గంటల్లో మాయమై, నైట్రైట్ కూడా సున్నా వస్తే, మళ్లీ ఒకసారి కలిపి చూడాలి. రెండోసారి కూడా అదే ఫలితమొస్తే రాయి పనిలో పడ్డట్టు. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. అప్పుడు కొంత నీరు మార్చి, హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంటను వదలొచ్చు. ఆ చేపలను సముద్రంలో పట్టకుండా హేచరీలో పొదిగించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్ఆర్ఐ, ఎప్పుడో సాధించింది. మేత వేస్తే తింటాయి, రాయి ఏ రకమైనా వాటికి పట్టింపు లేదు. రంగురంగుల మాండరిన్ చేపను మాత్రం తొట్టికి ఏడాది నిండేదాకా తేవద్దు. అది రాతి మీద పాకే కోపీపాడ్‌లను పొద్దస్తమానం ఏరుకుని తిని బతుకుతుంది. పొడి రాతితో మొదలైన తొట్టిలో అవి చేరి, పిల్లలు పెట్టి, ఒక చేప కడుపు నింపేంత కావడానికి ఆ మాత్రం కాలం పడుతుంది.